కొబ్బరినీళ్ల వాన

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మెడలోని గుర్తింపు కార్డు నాకంటే ముందు నడిచేదని ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. మాచర్ల అవతల, సాగర్ నీళ్ల నడుమ ఓ చిన్న లంక మీద వాతావరణ పరిశోధన కేంద్రం పెట్టారు. కేంద్రమంటే మేడలేమీ కావు. ఒక రేకుల గది, ఒక టవరు, సోలారు పలకలు, పైన గరాటు ఉన్న వానను కొలిచే మిషను. వాటిని బిగించి నడిపించడం నా పని. మొదటి రోజు అన్నీ సవ్యంగా పనిచేస్తేనే ఉద్యోగం ఖాయమని నగరంలో ఉండే మేడం గారు ముందే చెప్పారు. లంకలో వాన పడితే మిషను లెక్క నేరుగా ఆవిడకు చేరుతుంది, ఆవిడ సరేననగానే ఒడ్డునున్న రైతుల ఫోన్లకు మెసేజి వెళుతుంది. ఆ నంబర్ల జాబితాలో మా మేనమామది అందరికంటే ముందు ఎక్కించాను (గొప్ప కోసం కాకపోతే మరెందుకు?).

మా వైపు ట్రాక్టరుకైనా, బోరు మోటారుకైనా కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు కాస్త దాని మీద పోస్తేగాని తృప్తి ఉండదు. నేనూ స్విచ్చి వేసి, కాయ కొట్టి, భక్తి ఎక్కువై నీళ్లన్నీ గరాటులోనే పోశాను. నన్ను లాంచీలో తీసుకొచ్చిన మస్తాన్ బాబాయ్ గట్టిగా అరిచాడు. “ఏంది అబ్బాయ్, వానని కొలిచేదానికి కొబ్బరినీళ్లు తాపుతన్నావు? జొరమొచ్చిందా దానికి?”

“నీకు తెలీదులే బాబాయ్” అన్నానో లేదో, ఫోను మోగింది. మేడం గారు. “లంకలో వానా? నిజంగానా?” ఆ గొంతులో ఎంత సంతోషం! నిజం చెబితే ఉద్యోగం గోవిందా. “అవును మేడం, పెద్ద చినుకులు” అన్నాను నుదుటి చెమట తుడుచుకుంటూ. మస్తాన్ బాబాయ్ మండుటెండలో తువ్వాలు తలమీద కప్పుకుని, తడుస్తున్నట్టు ముడుచుకు కూర్చున్నాడు.

కాసేపటికి మామయ్య ఫోను. “ఒరేయ్ అల్లుడూ, వానంట కదా! కల్లంలో మిరపకాయలన్నీ కుప్పేసి పట్టలు కప్పేశాం. మీ అత్త నడుం ఇరిగింది. గట్టిగా పడుద్దా?”

సగం ఎండిన మిరపకాయలు పట్ట కింద ఉడికితే రంగు పోయి తాలుకాయలవుతాయి. ఒడ్డు పొడవునా అందరి కల్లాల్లోనూ అదే జరుగుతూ ఉంటుంది. “పట్ట తీసెయ్ మామయ్యా, వాన లేదు” అని చెప్పి, వెంటనే మేడం గారికి ఫోను చేశాను.

“కొబ్బరినీళ్లా?” అన్నారావిడ. “మరి ఆ చినుకులు?”

“అవీ నావే మేడం.”

“మిషను సరిగ్గానే కొలిచింది. దాన్ని ఉంచుదాం. నీ సంగతి తర్వాత ఆలోచిస్తాను. ముందు రైతులందరికీ నువ్వే ఫోను చేసి చెప్పు.”

చెప్పాను. ఒక్కొక్కరు ఏమన్నారో ఇక్కడ రాయదగ్గది కాదు. (ఉద్యోగం నిలిచింది, కాకపోతే చాలాకాలం తర్వాతగాని ఖాయం చేయలేదు.)

సాయంత్రం మామయ్య కల్లానికి వెళ్లి, తుమ్ముకుంటూ కాయలు మళ్లీ పరిచాను. “మబ్బు తునక కూడా లేదుగా మామయ్యా, ఎట్టా నమ్మావు?” అని అడిగాను.

“మీ అత్త కూడా అదే అరిచిందిరా. కానీ ఆడ లంకలో ఉన్నది నువ్వు కదా” అన్నాడు, కాయలు పరుస్తూనే.

నేను కళ్లు తుడుచుకుంటుంటే, “ఏమైందిరా?” అన్నాడు. కాయల ఘాటన్నాను. అదీ నమ్మేశాడు.