నిండితేనే తిప్పాలి అన్న మావయ్య

నిన్న తెల్లవారుతూనే అత్తయ్య ఫోన్.

"బుజ్జీ, మావయ్య లేవట్లేదే. ఎంత పిలిచినా పలకట్లేదు."

గుంటూరు నుంచి కనిగిరి బయల్దేరాను. షుగర్ తగ్గి ఉంటుందిలే, గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాడులే అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. పొదిలి దాటాక రెండో ఫోన్ వచ్చింది.

ఇంక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సీతారామ మావయ్య. మా అమ్మకి అన్నయ్య. శివాలయంలో అర్చకుడు. ఆయన గురించి రాయమంటే అందరూ ఆ మంత్రం చదివే గొంతు గురించి రాస్తారు. నేను డిష్‌వాషర్ గురించి రాస్తాను.

నవ్వకండి. లేదా నవ్వండి, ఆయనకి అదే ఇష్టం.

అత్తయ్యకి సబ్బు నీళ్లు పడవు. తగిలితే చేతులు పగిలి రక్తం వస్తుంది. ఆ పగుళ్లలో మన గుంటూరు కారం పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంక గిన్నెలు తోమొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అంతే, మావయ్య మిషన్ కొనుక్కొచ్చేశాడు.

వీధి వీధంతా నవ్వింది. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడే ఊళ్లో గిన్నెలు కడిగే మిషనా! పూజారి గారికి చాదస్తం ముదిరింది అన్నారు.

మొదటి నెల వాళ్ల మాటే నిజమైంది. కరెంటు బిల్లు ఎగిరి కూర్చుంది. సంపులో అడుగు కనిపించింది. అత్తయ్య తీర్పు చెప్పేసింది.

"తెల్ల ఏనుగుని తెచ్చి ఇంట్లో కట్టేశారు. నీళ్లూ తాగుతుంది, కరెంటూ తాగుతుంది, పైగా దానికి ఉప్పు కూడా పొయ్యాలిట! తిరిగి ఇచ్చెయ్యండి. నా చేతులు పోతే పోయాయి."

ఆ చివరి మాట మావయ్యకి బాగా గుచ్చుకుంది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

గుడి నుంచి రాగానే పంచె ఎగ్గట్టి, మిషన్ ముందు స్టూల్ వేసుకుని కూర్చున్నాడు. మిషన్‌ని కాదు, అత్తయ్యని చూస్తున్నాడు.

"ఏవిటండీ, పెళ్లిచూపులకి వచ్చినట్టు?"

"నీ పని నువ్వు చేసుకోవే. నేను ఇక్కడ లేననుకో."

అప్పుడు బయటపడింది అసలు సంగతి.

అత్తయ్య ప్రతి కంచాన్నీ ముందు కుళాయి కింద శుభ్రంగా కడిగి లోపల పెడుతోంది. మిషన్‌కి ఎంగిలి అంటకూడదట. తర్వాత వంట గిన్నెలకి ఒకసారి, తిన్న కంచాలకి వేరేగా ఇంకోసారి తిప్పుతోంది. రెండూ కలవకూడదు కదా! రెండుసార్లూ మిషన్ సగం ఖాళీ. అదీ బాగా కాగే నీళ్ల ప్రోగ్రామ్‌లో. అంతా అయ్యాక బయటికి తీసి మళ్లీ కుళాయి కింద తొలుపుతోంది, ఆఖరి నీళ్లు తన కళ్లతో చూడలేదని.

మన ఇళ్లలో ఎంతమంది ఇదే చేస్తున్నారో చేతులెత్తండి.

మావయ్య మిషన్ నీళ్లు పోయే పైపు లాగి ఒక బకెట్‌లో పెట్టాడు. సింకు కింద గొట్టం విప్పి అక్కడో టబ్బు పెట్టి, అత్తయ్యని ఎప్పటిలాగే కడగమన్నాడు. మిషన్ ఆగేసరికి బకెట్ నిండనే లేదు. టబ్బు మాత్రం పొంగి వంటిల్లంతా పారింది. అత్తయ్య చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి.

"చూశావా? నీళ్లు తాగేది మిషన్ కాదే, మన కుళాయి!"

కరెంటు కూడా అంతే. "అది తిరగడానికి పెద్దగా ఖర్చవదు. నీళ్లు కాగడానికే అంతా. మజ్జిగ గ్లాసుకి అంత వేడి ఎందుకే?" అని ఎకో ప్రోగ్రామ్ పెట్టాడు. అది గంటల తరబడి తిరుగుతుంటే అత్తయ్యకి ఒకటే కంగారు. మావయ్య ఆమెని మీటరు ముందుకి తీసుకెళ్లి నిలబెట్టి, అది ఎంత నెమ్మదిగా కదులుతోందో చూపించాడు.

అన్నిటికీ ఒప్పుకుంది. మెతుకులు దులిపి, కడక్కుండా పెట్టడానికి కూడా. కానీ వంట గిన్నె పక్కన ఎంగిలి కంచమా? అక్కడ ఆమె చెయ్యి ముందుకి రాలేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారం మరి.

మావయ్య తను తిన్న కంచం తీసుకొచ్చి, పప్పు గిన్నె పక్కనే పెట్టి తలుపు మూశాడు.

"రోజూ శివుణ్ణి ముట్టుకునేవాణ్ణి నేను. దోషమంటూ ఉంటే నాకే రానీ. ఆయనతో నేను మాట్లాడుకుంటా. నువ్వు బటన్ నొక్కు."

శాస్త్రం తెలియనివాళ్లు ఆచారాన్ని కాదనడం తేలికే. అంతా తెలిసి, భార్య చేతుల కోసం ఆ మాట అన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఎంత గర్వంగా ఉందో అప్పుడు. ఇప్పుడూ ఉంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఒకటే రూలు. నిండితేనే తిప్పాలి. ఒక్క గ్లాసుకి చోటున్నా తిప్పనిచ్చేవాడు కాదు. నేను వెళ్తే చాలు, "ఏమ్మా బుజ్జీ, కాఫీ తాగు, ఒక గ్లాసు తక్కువైంది" అనేవాడు.

ట్యాంకర్‌కి ఫోన్ చేయడం తగ్గింది. బిల్లు దారిలోకి వచ్చింది. నవ్విన వీధివాళ్లే వచ్చి ఏ బటన్ నొక్కాలో అత్తయ్యని అడిగి వెళ్లేవారు. ముఖ్యంగా ఆమె చేతులు మానాయి. ఈసారి పండుమిరపకాయల పచ్చడి తనే కలిపింది.

నిన్న సాయంత్రం అన్నీ అయిపోయాయి. ఇవాళ పక్కింటివాళ్లు భోజనం పంపారు. తిన్నాక కంచం పెడదామని మిషన్ తెరిచాను.

లోపల మొన్న రాత్రి మావయ్య తిన్న కంచం ఉంది. నిండలేదని తిప్పలేదు.

తీసి విడిగా కడగబోయాను. అత్తయ్య ఆపింది. "ఉండనీ. మీ అందరివీ దాని పక్కనే పెట్టండి."

ఒక్కొక్కళ్లం వచ్చి ఆయన కంచం చుట్టూ మా కంచాలు పెట్టాం. చివరికి ఒక గ్లాసుకి చోటు మిగిలింది.

నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని అత్తయ్య కాసిని మజ్జిగ తాగి, ఆ గ్లాసు అక్కడ పెట్టింది. బటన్ తనే నొక్కింది.

"నిండిందండీ" అంది.

మావయ్యా, అత్తయ్య చేతులు మేం చూసుకుంటాం. ఆ దోషం సంగతి శివుడితో మాట్లాడటం అయిపోయాక, ఇంక హాయిగా పడుకో.