మా ఆయనను ‘అసూర్’ అన్న ముసలమ్మ

కోపం వస్తే ఎదుటివాళ్ళది ఏ భాషో కూడా చూసుకోకుండా విరుచుకుపడే మనిషిని మీరు చూడకపోతే, ఇదిగో, నన్ను చూడండి. కోరుట్లలో కూర్చుని ఇజ్రాయెల్ దాకా నా పరువు పారబోసుకున్నాను.

మా ఆయన రాజేశం అక్కడ ఒక ముసలమ్మను చూసుకునే పనిలో చేరిన కొత్త. ఒక సాయంత్రం వీడియో కాల్ పెట్టి, ఫోన్ పొయ్యి పక్కన నిలబెట్టి, కోడికూర వండుతున్నాడు. ఇంతలో ముసలమ్మ చేతికర్ర ఊపుకుంటూ వచ్చి గద్దించింది.

"అసూర్! అసూర్!"

నాకు ఒళ్ళు మండిపోయింది. అసురుడంటే రాక్షసుడని ఎవరికి తెలియదు? చీమ ఎదురైతే పక్కకు జరిగే మనిషిని పట్టుకుని రాక్షసుడంటుందా!

"ఏందవ్వా, ఎవల్ని రాక్షసుడంటున్నవ్?"

"సుజాతా, జర ఆగే..." అన్నాడు మా ఆయన.

"నువ్వాగు! ఆమె గట్ల ఒర్రుతుంటే గంటె పట్టుకుని నవ్వుతున్నవ్, సిగ్గు లేదా? ఓ అవ్వా! నీ కాళ్ళకు నూనె రాసి, గోలీలు మింగిచ్చి, చెయ్యి పట్టుకుని నడిపిచ్చేటోడు రాక్షసుడా? మీ ఇంట్ల అందరు దేవతలేనా? రేపే జగిత్యాల పోయి, ఈయనను పంపిన ఏజెంటు గల్లా పట్టుకుంట!"

నేను సిరిసిల్లలో మరమగ్గాల పక్కన పెరిగినదాన్ని. అక్కడ ఉప్పు అందుకోమనాలన్నా అరవాల్సిందే. ఇక కోపంలో నా గొంతెలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. అక్కడ ముసలమ్మ కర్ర దించి మా ఆయనను ఏదో అడిగింది. ఆయనేదో చెప్పాడు. అంతే, ఆమె బోసినవ్వు నవ్వి నాకు చెయ్యి ఊపింది!

నా మంట రెట్టింపయింది. "ఏం చెప్పినవ్ ఆమెకు?"

"తిన్నవా అవ్వా అని అడుగుతున్నదని చెప్పిన."

"నేను తిడుతుంటే గట్లెందుకు చెప్పినవ్?"

"మరి నా నౌకరి ఉండాల్నా, వద్దా? అసూర్ అంటే రాక్షసుడు కాదే. హీబ్రూల ‘చెయ్యొద్దు’ అని. సిగరెట్ తాగొద్దన్న బోర్డు మీద గదే మాట, బండి ఆపొద్దన్న కాడ గదే మాట. చెయ్యొచ్చు అంటే ‘ముతార్’. వాళ్ళ మతంల మాంసం, పాలు కలపరు. నేనేమో పాలు కాగబెట్టే గిన్నెల కోడికూర వండిన. అందుకే ఒర్రింది."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. సిగ్గు నా దగ్గర ఎంతోసేపు నిలవదు, వెంటనే కోపమైపోతుంది.

"గీ ముచ్చట ముందే చెప్పచ్చు గదా! గంతసేపు నన్నెందుకు మొత్తుకోనిచ్చినవ్?"

ఆయన కూరను వేరే గిన్నెలోకి తీస్తూ మెల్లగా అన్నాడు.

"పెండ్లైనకాడికెల్లి నన్ను తిట్టుడే గని, నా దిక్కు నిలబడి ఎవలితోనన్న కొట్లాడినవా? గిదే మొదటిసారి. మంచిగనిపిస్తే ఇనుకుంట నిలబడ్డ."

ఫోన్ పెట్టేసి, గోడ మీది పక్కింటివాళ్ళ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై ఏ దేశంవాళ్ళు ఏ భాషలో ఏమన్నా, ఆయన తరఫున నోరు విప్పను. ఆయన దానికి అలవాటు పడితే, రేపు నేను తిట్టినప్పుడు ఎవరు పడతారు?