నాలుగు గంటల అయిదు నిమిషాల పాట

కొత్త పాటకు ముహూర్తం ఉంటుంది. పదకొండు గంటలకు అనరు, పదకొండు గంటల ఏడు నిమిషాలకు అంటారు. సాయంత్రమైతే నాలుగు గంటల అయిదు నిమిషాలు. సినిమా వాళ్లు ఏ అయ్యవారిని అడిగి పెట్టించుకుంటారో తెలియదు గానీ, నాకది నచ్చేది. పెళ్లికి చూసినట్టు పాటకూ మంచి ఘడియ చూస్తున్నారంటే, వాళ్లూ దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదని అనుకునేదాన్ని. ముందురోజు అర నిమిషం ప్రోమో వచ్చేది. దాన్ని ధర్మవరంలో నేను, హిందూపురంలో నా చెల్లెలు పదిహేను సార్లయినా వినేవాళ్లం. మరుసటి రోజు వేళకు వంట ముగించి, చేతులు తుడుచుకుని, ఫోను ముందు కూర్చునేదాన్ని. నలభై ఆరేళ్ల మనిషిని. ఇంట్లో నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేదాన్ని.

పాట అయిపోగానే చెల్లెలికి ఫోను చేయాలి. ఒక్కసారి విన్న పల్లవిని తప్పు లేకుండా అప్పజెప్పాలి. రెండోసారి వింటే ఓడినట్టే. చెల్లెలు కన్నడ పాటలు కూడా వినేది. అవి నాకు సగమే అర్థమయ్యేవి, అయినా అప్పజెప్పేదాన్ని.

ఆ ఆట నేర్పింది నాయన. చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చేవి. బడిలో పడిపోతే ఎవరు చూస్తారని నన్ను పంపలేదు. నాయన పెనుకొండలో టైలరు. ముందు గదిలో కుట్టుమిషను మీద ఆయన, పక్కన చాప మీద నేను. కాళ్లు ఆపి ఒక పద్యం చెప్పేవాడు, ఒక్కసారే. మళ్లీ మిషను తొక్కేవాడు. ఆ చప్పుడులోనే నేను తిరిగి చెప్పాలి. తప్పు పోతే మిషను ఆగేది. బడి నుంచి వచ్చిన చెల్లెలు కూడా ఆ చాప మీదికే చేరేది. నాకు అక్షరాలు తర్వాత వచ్చాయి, ముందు చెవి వచ్చింది. "నీ బడి నీ చెవిలోనే ఉండాది పాపా" అనేవాడు. దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి ఏమీ అడగొద్దనీ, ఇచ్చినదాంట్లో ఒకదాన్ని తలుచుకుని దండం పెట్టి లేవమనీ చెప్పింది కూడా ఆయనే. నేను అట్లాగే చేస్తూ వచ్చాను. ఎక్కువ రోజులు చెవుల్నే తలుచుకున్నాను. ఇంకేముంది నాకు, చదువా, ఉద్యోగమా.

పెళ్లయి ధర్మవరం వచ్చినప్పుడు అత్తగారింట్లో చేతిమగ్గం ఉండేది. దాని చప్పుడు మాటకు అడ్డం వచ్చేది కాదు. తర్వాత మరమగ్గాలు పెట్టారు, మొదట రెండు, ఆపైన నాలుగు. రేకుల గదిలో అవి ఆడుతుంటే వంటింట్లో గిన్నెలు అదిరేవి. మరమగ్గాల ఇళ్లలో నోటితో పని తక్కువ. పోగు తెగిందని చెప్పాలంటే రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తాం. అన్నానికి రమ్మంటే చెయ్యి నోటి దగ్గరికి పోతుంది. జరీ అయిపోతే చెవి కమ్మ పట్టుకుని చూపిస్తాం. మిగిలిన మాటను పెదవుల మీద చూసి అందుకుంటాం. ఆ గదిలోనే కూర్చుని ఇరవై ఏళ్లు మగ్గాలకు పట్టు పోగును కండెలకు చుట్టాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మగ్గాల మోతను దాటి పాట పైకి వచ్చేదాకా సౌండు పెంచుకునేదాన్ని. అంత మోతలోనూ నాకు పాట దొరుకుతోందని ఎన్నోసార్లు దీపం ముందు దండం పెట్టుకున్నాను.

రెండేళ్ల కిందట కొత్త పాటలు చెడిపోయాయి. నాకు అట్లాగే తోచింది. దరువు దబదబమంటోంది గానీ దాని మీద మాట నిలవడం లేదు. పాత పాటలేమో ఎప్పటిలాగే తేటగా ఉన్నాయి. ఫోను సౌండు పూర్తిగా పెంచి చెవికి అదుముకుని చెల్లెలితో పోట్లాడేదాన్ని.

"ఈ కాలం పిల్లోల్లకు నోట్లో నాలిక ఉండాదా లేదా? మాటలన్నీ మింగేస్తాండారు."

"నువ్వు ముసిల్దానివైతాండావు లేక్కా. నాకు బాగనే ఇనపడతాండాది."

ఫోను మార్చాను. ఇయర్‌ఫోన్లు మూడు జతలు మార్చాను. ఆటలో మాత్రం ఓడలేదు. కొత్త పాటలు చాలావరకు లిరికల్ వీడియోలుగా వస్తాయి, పాటతో పాటు మాటలు తెర మీద నడుస్తాయి. వాటిని చదివి అప్పజెబుతున్నానని నాకే తెలియలేదు. మగ్గాల గదిలో పెదవులు చూసే అలవాటున్న కన్ను అక్కడా తన పని తాను చేసుకుపోయింది. బాణీ తప్పిందని చెల్లెలంటే, ఫోనులో సరిగ్గా రాలేదేమోలే అనేదాన్ని.

పోయినేడు నాయన తద్దినానికి ఇద్దరం పెనుకొండలో తమ్ముడింట్లో కలిశాం. ఆ రోజే నాలుగు గంటల అయిదు నిమిషాలకు పాట. మేం ఎప్పటినుంచో కాచుకున్నది. భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. మేమిద్దరం నాయన మిషను ఉన్న గదిలోకి చేరాం.

"తద్దినం పూట పాటలేంది వదినా?" అని తమ్ముడి భార్య గడప దగ్గర నిలబడి అడిగింది.

"మా నాయనకు పిండం కంటే ఇదే ఇష్టంలే" అంది చెల్లెలు. తర్వాత నా వైపు తిరిగి ఫోను తన గుండెకు ఆనించుకుంది. "ఈసారి నువ్వు చూడగూడదు. నాయన కాడ చెప్పినట్ల, ఉత్త చెవులతో ఇని చెప్పల్ల."

నాకు ఉత్సాహమే కలిగింది. కళ్లు కూడా మూసుకున్నాను.

ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. దరువు వచ్చింది. దాని కింద ఎవరో నోరు మూసుకుని మూలుగుతున్నట్టు ఏదో కదిలింది. అంతే. పాట ఇంకా మొదలవలేదనుకుని కాచుకుంటూ ఉన్నాను. చెల్లెలు మోకాలు తట్టింది.

"ఊ, చెప్పు."

నోరు తెరిచాను. ఆ, ఊ అనే రెండు అరుపులు తప్ప నా దగ్గర ఏమీ లేదు. వాటినే పాడాను. చెల్లెలు పగలబడి నవ్వి నా వీపు మీద ఒకటి వేసింది.

"ఎగతాళి సాలు గానీ, సరిగా చెప్పు."

"సరిగానే చెప్పినా మే."

మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. మా లెక్క ప్రకారం నేను ఒకే పాటకు మూడుసార్లు ఓడాను.

ఆమె లేచి ఫోను మిషను మీద పెట్టి, నాకు వీపు చూపిస్తూ నిలబడింది. మిషనుకు నూనె వేయాలని, నాయన ఉంటే ఇట్లా తుప్పు పట్టనిచ్చేవాడు కాదని నాతో ఏదేదో మాట్లాడిందట. తర్వాత చెప్పింది. నేను ఆమె జడ వైపే చూస్తూ కూర్చున్నాను. జవాబు రాకపోయేసరికి ఇటు తిరిగింది.

"అక్కా, నీకు ఇనపడల్యా?"

ఆ మాట ఆమె పెదవుల మీద ఎంత స్పష్టంగా కనిపించిందో.

హిందూపురంలో చెవుల డాక్టరమ్మ నన్ను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతిలో మీట ఒకటి పెట్టింది. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కాలి. కొన్నిసార్లు నొక్కాను. తర్వాత ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు. ఆమె ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను. అద్దం అవతల చెల్లెలు నేల చూస్తోంది. అప్పుడు తెలిసింది.

మగ్గాల మోత, దాని పైన నేను పెంచుకున్న సౌండు, రెండూ కలిసి తినేశాయని డాక్టరమ్మ చెప్పింది. పోయింది తిరిగి రాదంది. నేను ఒక్కటే అడిగాను.

"పాత పాటలు బాగనే ఇనపడతాండాయి గదమ్మా?"

ఆమె నాకు ఎదురుగా కుర్చీ జరుపుకుంది. "అవి మీకు నోటికొచ్చు గదమ్మా. దరువు తగిలితే సాలు, మిగతాది మీ మనసే పాడుకుంటాది. కొత్తదాన్ని యాడనుంచి తెచ్చుకుంటాది?"

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన మగ్గం ఆపి విన్నాడు, అంటే నా పెదవులు చూశాడు.

"మగ్గాలోళ్ల చెవులింతే మే. నాకు మాత్రం యాడ ఇనపడతాండాది?"

"ఒక్కనాడన్నా చెప్పకపోతివే."

"చెప్తే నీకు ఇనపడల్ల గదా" అని నవ్వి మళ్లీ మగ్గం వేశాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు వంటింటి దాకా రాలేదు.

చెవి మిషను పెట్టించారు. ఎదురుగా నిలబడి మాట్లాడితే కొంత నయం. పాట పెడితే మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంటుంది. రెండు నెలలు ఓర్చుకుని రోజూ ప్రయత్నించాను. గులకరాళ్లు పాట కాలేదు.

ఇప్పుడు ప్రతి కొత్త పాటకూ చెల్లెలు మాటలన్నీ టైపు చేసి పంపుతుంది. ఈడ పైకి పోతాది, ఈడ ఆగి ఊపిరి తీస్తాడు, ఈడ పిల్ల గొంతు కలుస్తాది అని పక్కన రాస్తుంది. ఆమెకూ ఇల్లుంది, పనులున్నాయి. ఇంత చేసే చెల్లెల్ని ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకోవాలి, పెట్టుకుంటున్నాను కూడా. కానీ ఆ మాటలు చదువుతుంటే నోటికి ఏదో ఒక పాత బాణీయే వస్తుంది. పైకి పోతాది అని ఆమె రాసిన చోట నేనెప్పుడో విన్న పాటే పైకి పోతుంది. నాకు తెలియని బాణీ ఒక్కటి కూడా ఇంక నాలోకి రాదు.

పోయిన శుక్రవారం వీడియోలో పిలిచి పాడమంది. కొత్త పాట పల్లవి పాడాను. చివరిదాకా వింది.

"బాగుండాది అక్కా."

"బాణీ అదేనా?"

ఏదో అంది. ఆ మాట చెప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది.

మరుసటి రోజు పొద్దున దీపం పెట్టి, తలుచుకోవడానికి ఒకటి వెతుక్కున్నాను. కళ్లున్నాయి, చెల్లెలుంది, అన్నముంది. ఏదీ నోటికి రాలేదు. నాయన వద్దన్న పని మొదటిసారి చేశాను, అడిగాను. ఒక్క కొత్త పాట అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు. దేవుడికి వినిపించేటట్టు అన్నానో లేదో తెలియదు. రేకుల గదిలో మగ్గాలు అప్పటికే మొదలయ్యాయి. వాటి మోత మాత్రం అరికాళ్ల నుంచి ఎక్కి ఒంటి నిండా వినిపిస్తూనే ఉంది.