తీగ ముక్క లోపలే ఉంది

మా ఆయన అక్కను నేను వదినా అని పిలుస్తాను. ఆసుపత్రిలో మాత్రం అందరికీ ఆమె సిస్టరే. నర్సు పని మానేసి చాలాకాలమైనా ఆ పిలుపు ఆమెను వదల్లేదు.

ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ చెయ్యి చాపితే, అడగకముందే కావలసిన పరికరం అందులో పెట్టేదట. అలాంటి మనిషికి గ్లవ్స్ పడలేదు. మొదట దురద, తర్వాత పొక్కులు, ఆఖరికి అరచేతులు పగిలి నెత్తురు కారేవి. వేరే రకం గ్లవ్స్ తెప్పించారు, పూతలు రాశారు, ఏమీ లాభం లేకపోయింది. "ఇక ఆ పని మానెయ్యాల్సిందేనమ్మా" అని చర్మం డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

అలా వదిన రెండో అంతస్తులో, ఉతికిన దుప్పట్లు మడతపెట్టే గది పక్కనున్న కోడింగ్ విభాగానికి వచ్చి పడింది. డాక్టర్లు రాసినవి చదివి, ప్రతి జబ్బుకూ ప్రతి గాయానికీ సరిపోయే కోడ్ వెయ్యడం అక్కడి పని. రేపు ఇంకెక్కడో ఇంకో డాక్టరు ఆ కోడ్ చూసి, ఈ మనిషికి ఏం జరిగిందో తెలుసుకోవాలి. "ఏసీలో కూర్చుని పని, అదృష్టవంతురాలివి" అన్నారు చుట్టాలు. వదిన నవ్వి ఊరుకునేది. వంటింట్లో నా పక్కన నిలబడి, ఉల్లిపాయలు తరగని రోజు కూడా కళ్లు తుడుచుకునేది. "మనుషుల మధ్య తిరిగినదాన్ని. కాగితాల్లో పడ్డాను" అనేది.

ఆ పని మీద ఆమెకు మనసు కుదిరింది గాయాల వల్లే. గుచ్చుకున్న గాయం బయటికి చిన్న రంధ్రమే, అసలు సంగతంతా లోపలుంటుంది. కోసుకుందా, గుచ్చుకుందా? ఎడమా, కుడా? ఎంత లోతు? లోపల ఏదైనా ఉండిపోయిందా? ఇందులో ఏ ఒక్కటి మారినా కోడ్ మారిపోతుంది. ఇంట్లోనూ అదే ధోరణి. మా చిన్నది కాల్లో ముల్లు దిగి ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంటే, "ఏ కాలు? ముల్లు మొత్తం వచ్చేసిందా, మొన లోపలుందా? సరిగ్గా చెప్తేనే తీస్తా" అని కూర్చుంది. అది ఏడుపు ఆపేసి, కాలు తిప్పి చూసుకుని ఆలోచనలో పడింది. "అక్కా, నీ కేసులు ఆసుపత్రిలోనే ఉంచు తల్లీ!" అని మా ఆయన దండం పెట్టాడు.

ఆ రోజుల్లోనే ఒక వడ్రంగి కేసు వచ్చింది. మెషీన్‌తో మేకులు కొడుతుంటే చెక్కలో గట్టి ముడి తగిలి, మెషీన్ ఎగిరి, మేకు అతని కుడి తొడలో దిగిపోయింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ఆపరేషన్ నోట్‌లో "మేకు తీశాం" అని ఉంది. ఆ తర్వాత తీసిన ఎక్స్‌రే రిపోర్టులో మాత్రం, లోతుగా చిన్న లోహపు ముక్క కనబడుతోందని ఉంది. వదిన చెయ్యి అక్కడ ఆగింది. ఊహించి కోడ్ వెయ్యకూడదు. డాక్టర్ని అడగాలి, అదీ జవాబు మన నోటితో అందించకుండా అడగాలి.

సర్జన్ క్యాంటీన్‌లో నిలబడి టీ తాగుతున్నాడు. థియేటర్ రోజుల నుంచీ ఎరిగినవాడే.

"సార్, వడ్రంగి తొడ. ఎక్స్‌రేలో కనబడింది ఏమిటో మీ నోట్‌లో లేదు."

"అదా! మెషీన్‌లో మేకుల్ని వరసగా కట్టి ఉంచే తీగ ముక్క సిస్టర్. మేకుతోపాటు లోపలికి పోయింది. పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. కెలికితే కాలికే మోసం. కావాలనే వదిలేశాను." కప్పు కింద పెట్టాడు. "రాయలేదా నేను? ఇంతలో ఇంకో కేసు వచ్చి మీద పడింది. ఇప్పుడే రాస్తాను."

"అతనికి తెలుసా సార్?"

"చెప్పాను. మత్తు దిగుతుంటే..." అని ఆగి, తనే అన్నాడు. "అంటే చెప్పనట్టే. రండి, వెళ్దాం."

వార్డులో జరిగింది నాకు వదిన చెప్పలేదు. ఆ వడ్రంగే, తర్వాతెప్పుడో మా తలుపు బాగుచెయ్యడానికి వచ్చి, రంపం పక్కన పెట్టి మరీ చెప్పాడు.

సంగతి వినగానే అతను మంచం మీద అంతెత్తున లేచాడట. "ఒంట్లో ఇనుము పెట్టి కుట్లేశారా? మరిచిపోయి ఇప్పుడు కబుర్లా?" భార్య "ముందు కూర్చో, కుట్లు ఊడతాయి" అని చొక్కా పట్టి లాగింది. సర్జన్ ఓపిగ్గా అంతా వివరించాడు. ఒక్క ముక్కా ఎక్కలేదు. ఇంకో చోటికి వెళ్లి తీయించుకుంటానని మొండికేశాడు.

వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. "అన్నయ్యా, గోడలో మేకు విరిగి లోపలుండిపోయింది. పక్కనే నీళ్ల పైపు పోతోంది. మీరైతే ఏం చేస్తారు?"

"పైపు పక్కనా? దాని జోలికే పోను. పైన పూసేసి, ఇంటాయనకి చెప్పేస్తా."

"చెప్పడం ఎందుకు?"

"రేపు ఇంకెవడైనా అక్కడే డ్రిల్లు పెడితే..." అని ఆగిపోయి, సర్జన్ వైపు తిరిగాడు. "అంత దగ్గరగా ఉందా సార్?"

సర్జన్ రెండు వేళ్లు దాదాపు తాకించి చూపించాడు.

"ఈ ఇంటికి ఇంటాయన మీరే" అంది వదిన. "మేము రాస్తాం, కోడ్ వేస్తాం. కానీ ఏ ఆసుపత్రికెళ్లినా ముందు మీ నోటితో మీరు చెప్పాలి. అయస్కాంతంతో తీసే స్కాన్ ఇనుమును లాగుతుంది, ఆ గదిలో అడుగుపెట్టకముందే చెప్పాలి. కాలు వాచినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే రావాలి. ఏం చెప్తారో చెప్పండి చూద్దాం."

"నా తొడలో తీగ ముక్క ఉంది."

"ఏ తొడ?"

"ఎడమ."

"కుడి! కుడి!" అని భార్య నెత్తి కొట్టుకుంది. వార్డంతా ఘొల్లున నవ్వింది. సర్జన్ కూడా ఆపుకోలేకపోయాడు.

అప్పటినుంచి ఆ మనిషి కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటూ పోయాడు, మంగలికీ, బస్సు కండక్టరుకీ, ఆఖరికి కూతురి పెళ్లిచూపులకొచ్చినవాళ్లకీ. ఆ తర్వాత నడుము పట్టేసి వేరే ఆసుపత్రికి వెళ్తే, స్కాన్ దగ్గర వాళ్లు నోరు తెరవకముందే "కుడి తొడ, తీగ ముక్క, రక్తనాళం పక్కన" అని అప్పజెప్పాడట. వాళ్లు పాత వివరాలు తెప్పించి చూసి, ఆ స్కాన్ మానేసి వేరే రకం తీశారు. కాలు నిక్షేపంగా ఉంది. "డాక్టరుగారు మంచోడే తల్లీ, నాకే చెవికెక్కలేదు. ఆవిడ నా పని సంగతి ఎత్తేసరికి దారిలో పడ్డాను" అన్నాడు తలుపు బిగిస్తూ.

ఆ రోజే వార్డు బయట సర్జన్, "ఇలాంటి కేసు వచ్చినప్పుడల్లా మీరూ నాతో రావాలి సిస్టర్" అన్నాడట. కోడింగ్ వాళ్లకి వార్డులో ఏం పని అని పైవాళ్లు కొంత సణిగారు. ఆయన పట్టు వదల్లేదు. ఇప్పుడు ఒంట్లో ఏదైనా ఉంచుకుని ఇంటికెళ్లే ప్రతి మనిషి పక్కనా వదిన కాసేపు కూర్చుంటుంది. దానికి గ్లవ్స్ అక్కర్లేదు. ఎవరైనా ఎక్కడ పనిచేస్తావని అడిగితే, కాగితాల్లో అనడం మానేసింది. ఆసుపత్రిలో అంటుంది.

నిన్న సాయంత్రం చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే మొదలుపెట్టింది. "ఒక పిల్ల, అరచేతిలో పెన్సిల్ మొన విరిగింది. గీత గీసినంత మరక లోపల మిగిలింది. విషం ఎక్కుతుందేమోనని వాళ్లమ్మ ఒకటే ఏడుపు. పెన్సిల్లో విషం ఉండదమ్మా, అది పుట్టుమచ్చలా ఉండిపోతుందంతే అన్నాను. అంతే, ఆ పిల్ల మంచం దిగి, పక్క మంచాలవాళ్లందరికీ చెయ్యి చూపించుకుంటూ బయల్దేరింది!"

"లోపలికి రా వదినా, కాఫీ పెడతాను" అన్నాను.

"ఎడమ చెయ్యి" అంది వదిన, నా వెనకే వస్తూ.