రెండు చుట్ల తాళం

బస్సుల షెడ్డులో మెకానిక్‌గా పనిచేసే ఆయన్ని వీధి వీధంతా గట్టిబాబాయ్ అనే పిలుస్తుంది. ఏ కొట్టుకెళ్ళినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట "గట్టిదేనా?" అని. రంగూ, అందమూ తర్వాత సంగతి. వాళ్ళింట్లో కుర్చీ జరపాలంటే ఇద్దరు పూనుకోవాలి. ఆయన గొడుగు తెరిస్తే దానికింద ఓ చిన్న కుటుంబం కాపురం పెట్టొచ్చు. ఇక ఆయన భార్య, అందరికీ పిన్ని, నిన్నమొన్నటిదాకా చుట్టుపక్కల సగంమందికి బట్టలు కుట్టిన మనిషి. కళ్ళు ఆనడం లేదని మిషను మూలన పెట్టింది.

పడుకునేముందు వంటింట్లో కొళాయీ, డబ్బాల మూతలూ తన చేత్తో బిగిస్తేగానీ ఆయనకు నిద్రపట్టదు. "మూత పెట్టడం కూడా రాదేం నీకు? సగంలో వదిలేస్తావు," అని విసుక్కునేవాడు. పిన్ని నవ్వి ఊరుకునేది.

ఇలా ఉండగా ఎదురింట్లో దొంగలు పడ్డారు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయని సామెత. గట్టిబాబాయ్ అంత ఆలస్యం చేసే మనిషి కాదు. మర్నాడే షాపుకెళ్ళి ఉన్న తాళాలన్నీ బల్లమీద పరిపించాడు. ఒక్కొక్కటీ అరచేతిలో తూచాడు, చెవి దగ్గర ఆడించాడు, పైపూత ఊడుతుందేమోనని గోటితో గీకాడు. చివరికి అన్నిటికన్నా బరువైనది ఎంచుకున్నాడు.

"రెండు చుట్లు తిప్పాలండీ. లోపల్నుంచైనా తాళంచెవితోనే తియ్యాలి. కాస్త బిగువుగా ఉంటుంది," అన్నాడు షాపతను.

"బిగువుగా ఉంటేనే తాళం. లేకపోతే గొళ్ళెం చాలదూ?"

తనే తలుపుకు బిగించాడు. "మనం పోయినా ఇది ఉంటుంది," అన్నాడు భార్యతో.

"ఉంటుంది లెండి," అంది పిన్ని.

అప్పట్నుంచీ పనికి వెళ్తూ బయట్నుంచి తనే తాళం వేసి, "నీ తాళంచెవి నీ దగ్గరుందిగా!" అని ధీమాగా కదిలేవాడు. పిన్ని మాత్రం సాయంత్రాలు పక్కవీధిలో చెల్లెలింటికి వెళ్ళడం మానేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎవరి చొక్కా ఎవరికి బిగుతైందో చెప్పుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వుకునేవారు. ఇప్పుడు అడిగితే, "ఓపిక లేదండీ," అంటోంది. వయసు మీదపడుతోంది కాబోలనుకున్నాడాయన. ఇంట్లో నవ్వు తగ్గిందని తెలుస్తూనే ఉంది. కానీ తాళాన్ని అనుమానించడమా? ఆయనా?

ఒకరోజు షెడ్డులో కరెంటు పోయి పెందలాడే ఇంటికొచ్చాడు. మెట్టెక్కబోతుంటే తాళం లోపల కిర్రుమంది. సగం తిరిగి వెనక్కి వచ్చేసింది. మళ్ళీ సగం, మళ్ళీ వెనక్కి.

"తిరగవే తల్లీ," లోపల్నుంచి పిన్ని గొంతు. "ఒక్కసారి తిరుగు. చెల్లి ఎదురుచూస్తుంటుంది."

తర్వాత చిన్న మూలుగు, తాళంచెవి నేలమీద పడిన చప్పుడు.

గట్టిబాబాయ్‌కి సగం పెట్టిన మూతలన్నీ కళ్ళముందు తిరిగాయి. రాత్రి తను బిగించినవాటిని తెల్లారి ఆవిడ ఎలా తీసుకుంటోందో ఏనాడైనా అడిగాడా? దొంగకోసం తెచ్చిన తాళంతో ఇంటిమనిషిని బంధించి, పైగా రోజూ ధీమాగా పనికి వెళ్ళాడు.

తలుపు తీశాడు. చెప్పులేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది పిన్ని.

"అప్పుడే వచ్చేశారా? నేనెక్కడికీ వెళ్ళట్లేదు, ఊరికే..." అంటూ చేతులు వెనక్కి దాచుకుంది.

ఆ చేతులు ముందుకు తీసుకుని చూశాడు. వేళ్ళ కణుపులన్నీ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి?"

"మిషను మానేసినప్పట్నుంచీ. కళ్ళని చెప్పాను గానీ, కళ్ళు కాదు."

"నాతో చెప్పొచ్చుగా!"

"మీకు ఇంట్లో అన్నీ గట్టివే కావాలి. నేనొక్కదాన్నే గట్టిగా లేనని ఎలా చెప్పుకోనండీ?"

ఆయన గుమ్మంలో నిలబడి, వీధి చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశాడు.

మర్నాడు ఇద్దరూ కలిసే షాపుకెళ్ళారు. ఈసారి ఆయన చేతులు వెనక కట్టుకున్నాడు. పిన్ని ఒక్కో తాళమూ తిప్పి చూసింది. తాళంచెవి తల వెడల్పుగా ఉండి, బయట్నుంచి ఒక్క చుట్టుతో, లోపల్నుంచి పిడి కిందికి నొక్కితే తెరుచుకునే తాళం ఒకటి తీసి పక్కన పెట్టింది.

"మంచి ఇత్తడి, అరగదు. కానీ అంతకుముందు తీసుకెళ్ళినంత గట్టిది కాదు బాబాయ్ గారూ," అన్నాడు షాపతను.

"ఇది మా ఆవిడ చేతికి తిరిగింది. నువ్వు పొట్లం కట్టు."

ఆ రాత్రి ఆయన వంటింటి వైపు వెళ్ళలేదు. నిద్ర కాస్త ఆలస్యంగా పట్టింది, అంతే.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆయన షెడ్డునుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. జేబులన్నీ తడుముకున్నాడు. పొద్దున తన తాళంచెవి లోపల బల్లమీదే మరిచిపోయాడు. తలుపు గట్టిగా లాగి చూశాడు, కదిలితేనా! వాన మొదలైంది. ఆ మహా గొడుగు కూడా లోపలే ఉంది. చేసేదిలేక మెట్టుమీద చతికిలబడ్డాడు.

"అయ్యో, వానలో బయట కూర్చున్నారేంటి బాబాయ్ గారూ?" ఎదురింటావిడ కిటికీలోంచి కేకేసింది.

గట్టిబాబాయ్ ముఖంమీది నీళ్ళు తుడుచుకుని, వీధంతా వినపడేలా చెప్పాడు.

"మీ పిన్ని తాళం వేసుకుని బయటికెళ్ళిందమ్మా!"