లాకు దగ్గర దిగిన చిన్నమ్మ

చిన్నమ్మ పోయిందన్న కబురు శుక్రవారం పొద్దున ఆమె కూతురి గొంతుతో మా ఫోన్ గ్రూపులోకి వచ్చింది. సౌదీలోని బురైదాలో ఇళ్ళల్లో పనిచేసే తెలుగు ఆడవాళ్ళూ, నాలాంటి ఒకరిద్దరు నర్సులూ ఉన్న గ్రూపు అది. ఛుట్టీ మీద అమలాపురం దగ్గర సొంత ఊరికి వెళ్ళిన మనిషి, తిరిగి రావడానికి టికెట్టు కూడా తీసుకున్న మనిషి, గుండెపోటు వచ్చి కూర్చున్న చోటే ఒరిగిపోయిందట. ఆ పిల్ల ఏడుపు పూర్తిగా వినకముందే కింద మెసేజీలు మొదలయ్యాయి. "అయ్యో పాపం, జన్మంతా అరబ్బుల ఇంట్లో అంట్లు తోమి పోయింది. ఏం చూసిందని!" అని ఒకామె రాసింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

నాకు ఒళ్ళు మండింది. ఏడవాల్సినప్పుడు కోపం రావడం నా పుట్టుకతో వచ్చిన జబ్బు. అంట్లు తోమింది, నిజమే. తోమితే ఏమైంది? ఏం చూసిందని అడిగారు కాబట్టి చెబుతాను. ఆమె ఇటలీ చూసింది. పదువా నుంచి వెనిస్ దాకా కాలువ మీద పడవలో వెళ్ళింది. చూడనివ్వం అన్నవాళ్ళ ఎదురుగా నిలబడి మరీ చూసింది. ఆమెను 'పాపం' అంటే నేను ఊరుకోను.

నాకు ఆమె చుట్టం కాదు. నాది రాజంపేట, ఆమెది కోనసీమ. నేను పనిచేసే క్లినిక్కుకి ఒకసారి జ్వరం తగిలిన అరబ్బు పిల్లాడిని భుజాన వేసుకుని, యజమానురాలి వెనక వచ్చింది. పిల్లాడికి సూది వేస్తుంటే "ఏడవకురా నాన్నా, అయిపోయింది, అయిపోయింది" అని తెలుగులో సముదాయిస్తోంది. నేను తలెత్తి చూశాను. ఆమె నన్ను చూసి, సూది సంగతి మరిచి, "మనోళ్ళేనా!" అని నవ్వింది. వాళ్ళ విల్లా మా నర్సుల క్వార్టర్స్‌కి వెనక వీధిలోనే. శుక్రవారం మధ్యాహ్నాలు ఆమెకు కాసేపు సెలవిచ్చేవాళ్ళు. నేను మావైపు అలవాటు కొద్దీ చిన్నమ్మా అనేదాన్ని. "చిన్నమ్మ ఏవిటే, పిన్నీ అనలేవా?" అని మొదట్లో వెక్కిరించింది కానీ, తర్వాత తనే ఫోను చేసి "నేనే, మీ చిన్నమ్మని" అనడం మొదలుపెట్టింది.

ఏ బండి ఎక్కినా ఆమెకు కిటికీ పక్క సీటు కావాలి. శుక్రవారాలు మమ్మల్ని బజారుకి తీసుకెళ్ళే క్లినిక్కు వ్యానులో డ్రైవరు వెనక సీటు నాది. అందులోంచి నన్ను నిర్దాక్షిణ్యంగా లేపేసేది. "ఏముంది చిన్నమ్మా బయట చూసేదానికి? ఇసక, ఖర్జూరం చెట్లు. దినామూ చూసేటివే గదా" అంటే, "రోజూ చూత్తే అరిగిపోతాయా? కళ్ళకి కఫీల్ లేడే అమ్మాయ్" అనేది. కఫీల్ అంటే మాకు ఇక్కడ పని, బస, రాకపోకలు అన్నీ ఎవరి చేతిలో ఉంటాయో ఆ యజమాని. ఆ మాట ఆమె నవ్వుతూనే అనేది.

ఆ ఇంటివాళ్ళు ఒక వేసవిలో ఇటలీ టూరుకి బయల్దేరారు. గల్ఫ్ కుటుంబాల కోసం అరబ్బీలో నడిపే టూరు. గైడు అక్కడే స్థిరపడిన ట్యునీషియా అమ్మాయి. చంటిపిల్లాడు చిన్నమ్మ దగ్గర తప్ప ఉండడు కాబట్టి ఆమెను కూడా తీసుకెళ్ళారు. గైడు మాటలు వినడానికి అందరికీ చెవిలో పెట్టుకునే యంత్రాలు ఇచ్చారు. "మా పనామెకు అక్కర్లేదు" అని యజమానురాలు ముందే చెప్పేసింది. ఇంట్లో పనివాళ్ళు యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. యంత్రం లేకపోతేనేం, చిన్నమ్మకు అరబ్బీ బాగా వచ్చు. గైడు పక్కనే పిల్లాడిని ఎత్తుకుని నిలబడి అన్నీ వింది.

రెండో రోజు పదువాలో పడవ ఎక్కారు. బ్రెంతా అనే కాలువ మీదుగా వెనిస్ చేరే పడవ. కాలువకి అటూ ఇటూ పాతకాలపు జమీందార్ల మేడలు. గైడు మేడల గురించి చెబుతోంది. చిన్నమ్మ చూపు మాత్రం నీళ్ళ మీదే. కాసేపటికి ఎదురుగా లాకు కనిపించింది.

లాకు అంటే తెలియనివాళ్ళకి: కాలువ ఒక చోట ఎత్తు నుంచి పల్లానికి దిగాలంటే, రెండు తలుపుల మధ్య పడవను ఆపి, నీళ్ళు మెల్లగా తగ్గించి, కింది తలుపు తీసి వదులుతారు. గోదావరి కాలువల మీద అలాంటివి చాలా ఉన్నాయి. చిన్నమ్మ వాళ్ళ నాన్నది కొబ్బరికాయలు మోసే పడవ. చిన్నప్పుడు ఆమె సెలవులన్నీ ఆ పడవ మీదే గడిచాయి. అక్కడి పద్ధతి ఏమిటంటే, పడవ లాకులోకి వచ్చి ఆగగానే మనుషులు గట్టు మీదికి దిగిపోతారు. నీళ్ళు తగ్గేలోపు టీ తాగుతారు, కాళ్ళు సాగదీసుకుంటారు. కింది తలుపు అవతల పడవ వాళ్ళ కోసం ఆగి ఉంటుంది, ఎక్కుతారు.

ఇటలీలోనూ ఆమె అదే చేసింది.

"గట్టు నా కాలికి సమానంగా ఉంది. పిల్లోడు మామా ఒళ్ళో నిద్దరోతున్నాడు. దిగిపోయాను. ఆలోచించి దిగలేదే, కాళ్ళే దిగేశాయి" అని చెప్పింది నాతో. దిగి, లాకు తలుపుల దగ్గరికి నడిచి, నీళ్ళు తగ్గడం తీరిగ్గా చూసిందట. పడవ మెల్లగా లోతుకి దిగిపోయింది. ఇక కింది తలుపు దాటి ఆగుతుంది కదా అని గట్టు వెంట నడిచింది. పడవ ఆగలేదు. గైడు తలలు లెక్కపెట్టేది చెవుల్లో ఉన్న యంత్రాలను బట్టి. ఆ లెక్కలో చిన్నమ్మ లేదు.

పడవ మలుపు తిరిగాక పిల్లాడు లేచి ఏడ్చాడు. మామా చుట్టూ చూసింది. "హరబత్! హరబత్!" అని కేకలు పెట్టింది. పారిపోయింది అని. యూరప్ ప్రయాణాల్లో పనివాళ్ళు పారిపోతారని ఈ ఇళ్ళల్లో ఎప్పుడూ ఉండే భయమే. బాబా పోలీసులకి చెప్పమన్నాడు. ఇక్కడ పనిమనిషి పారిపోయిందని కఫీల్ పెట్టే ఫిర్యాదుని హరూబ్ అంటారు. అది పడిందంటే అకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, చెల్లదు, ఉద్యోగం పోతుంది, ఇంటికి పంపేస్తారు. చిన్నమ్మకు భర్త ఎప్పుడో పోయాడు. కూతురు చదువు అప్పటికి సగంలో ఉంది. ఆ ఒక్క మాట మీద ఆమె సంసారం మొత్తం ఆధారపడి ఉంది.

ఆమె మాత్రం పాదాల దాకా జారే నల్ల అబాయా ఎత్తిపట్టుకుని గట్టు వెంట విసవిసా నడుస్తోంది. ముందు ఒక వంతెన ఉంది. పడవలు వస్తే పక్కకి తిప్పే వంతెన. దాన్ని తిప్పేవాడు వచ్చేదాకా పడవ అక్కడ ఆగాల్సి వచ్చింది. ఆ సందులో చిన్నమ్మ అందుకుంది. పడవలో ఉన్నవాళ్ళంతా లేచి చూస్తున్నారు. మామా ఇంకా అరుస్తూనే ఉంది. చిన్నమ్మ పడవెక్కి, భుజానున్న సంచి దించి, అందులోంచి పాలసీసా తీసి పిల్లాడి నోట్లో పెట్టి, అప్పుడు అరబ్బీలో అందరికీ వినపడేలా అందట: "పారిపోయేదాన్నయితే పాలసీసా మోసుకుని పారిపోతానా? నేను పోలేదు. మీరే నన్ను వదిలేసి పోయారు."

ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నేను కూడా మందలించాను. "దిగేటప్పుడు ఒక మాట చెప్పల్ల గదా చిన్నమ్మా! హరూబ్ పెట్టింటే ఏం చేసేదానివి?"

"లాకు కనపడితే చెప్పి దిగుతారేంటే ఎవరైనా?" అంది. ఆమె దృష్టిలో తప్పంతా ఆగని పడవదే.

వెనిస్ చేరిన సాయంత్రం మామా తీర్పు చెప్పింది. పాస్‌పోర్టు ఎలాగూ బాబా దగ్గరే ఉంది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చిన్నమ్మ హోటలు గది దాటకూడదు. పిల్లాణ్ణి గదిలోనే చూసుకోవాలి. ఇంటికెళ్ళాక హరూబ్ సంగతి ఆలోచిస్తారు.

పొద్దున్నే చిన్నమ్మ పిల్లాడికి స్నానం చేయించింది, తినిపించింది, చొక్కా తొడిగింది. వాడిని చంకనేసుకుని కిందికి దిగి, టూరు వాళ్ళంతా చేరిన హాల్లో ఒక కుర్చీలో కూర్చుంది. మామా వచ్చి పైకి పొమ్మంది. చిన్నమ్మ లేవలేదు. గొంతు కూడా పెంచలేదట. "మామా, నేను పని మానను. పిల్లోణ్ణి ఎత్తుకుంటాను, వాడి బండి మోత్తాను. గదిలో మాత్రం కూర్చోను. హరూబ్ పెట్టుకుంటే ఇంటికెళ్ళాక పెట్టుకోండి. ఇవాళ ఊరు చూత్తాను." అరబ్బీలో అన్న ఆ మాటని నాకు తెలుగులో చెబుతున్నప్పుడు కూడా ఆమె వీపు నిటారుగా అయింది.

గైడు అప్పుడే యంత్రాలు పంచుతోంది. చిన్నమ్మ చెయ్యి చాపింది. గైడు మామా వైపు చూసింది. చుట్టూ తోటి కుటుంబాలు. బాబా తల పక్కకి తిప్పుకుని "ఖలాస్, రానివ్వు" అన్నాడు. గైడు ఆమె చెవికి స్వయంగా యంత్రం తగిలించింది.

అలా చూసింది వెనిస్. ప్రతి వంతెనకీ మెట్లున్న ఊళ్ళో పిల్లాడి బండిని ఎత్తి దించుతూ చూసింది. ఊరు కింద దుంగలు పాతి, వాటి మీద మేడలు నిలబెట్టారని గైడు చెబితే వంగి నీళ్ళలోకి చూసింది. కూరగాయలు అమ్మే పడవ చూసింది, చెత్త ఎత్తే పడవ చూసింది. రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళే పడవ చూసి "మా అమ్మాయికి చెప్పాలి" అనుకుందట, నేను నర్సుని కదా. ఇళ్ళ మధ్య తాళ్ళ మీద ఆరేసిన బట్టలు చూసి తృప్తి పడింది. "అంత గొప్ప ఊళ్ళోనూ దుప్పట్లు ఉతుక్కోవాల్సిందే" అంది. టూరిస్టులని తిప్పే గొండోలా పడవ ఎక్కారా అని ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పేది కాదు. "అందులో నాకు చోటు లేదన్నారు. గట్టు మీద నించుని అందులోవాళ్ళని చూశాను. వాళ్ళు మాత్రం ఫోన్లలో వాళ్ళనే చూసుకున్నారు" అనేది.

హరూబ్ పెట్టలేదు. చంటివాడి పుణ్యమో, బాబాకి కలిగిన సిగ్గో తెలియదు. కానీ మరుసటి వేసవి ఇంకో మనిషిని తీసుకెళ్ళారు. ఆ తర్వాత కూడా చిన్నమ్మని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. మా గ్రూపులోవాళ్ళే కొందరు "పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి తీసుకెళ్తే దాన్ని టూరంటారా?" అని ఎగతాళి చేశారు. "మరి మిమ్మల్ని ఒక టూరు తిప్పుతాను రండి" అంది చిన్నమ్మ.

ఒక చలికాలం శుక్రవారం, మా క్లినిక్కు డ్రైవరుని బతిమాలి, అతనికి తెలిసిన ఖర్జూరం తోటకి మా అందరినీ వ్యానులో తీసుకెళ్ళింది. కిటికీ సీటు ఎవరిదో చెప్పక్కర్లేదు. తోటలో సిమెంటు కాలువలు ఉంటాయి. ఆమె ముందు, మేం వెనక నడిచాం. ఏ చెట్టు వయసెంతో, ఏ కాలువ ఎటు పోతుందో తోచినట్టు కల్పించి చెబుతుంటే, ఎగతాళి చేసినవాళ్ళే వినడానికి దగ్గర దగ్గరగా నడిచారు. ఇంతలో తోటలో పనిచేసే బెంగాలీ అతను మర తిప్పాడు. ఎండి ఉన్న కాలువలోకి నీళ్ళు పాయలా వచ్చాయి. చిన్నమ్మ చెప్పులు విడిచి, అబాయా మోకాళ్ళ దాకా ఎత్తి, అందులోకి దిగింది. తోట మేస్త్రీ దూరం నుంచి చూసి "యల్లా, బయటికి రండి! వెళ్ళండి ఇక!" అని కేకేశాడు. మేమంతా బెదిరి వ్యాను వైపు తిరిగాం. ఆమె తిరగలేదు. పాదాల చుట్టూ నీళ్ళు చుట్టుకుని పోతుంటే కిందికి చూస్తూ, వెనక్కి ఒక చెయ్యి మాత్రం ఎత్తి, అతనికి వినపడేంత గట్టిగా తెలుగులోనే అంది: "ఆగవయ్యా! ఇంకా చూత్తన్నాం."