కడిగిన పంజరం

2023 వర్షాకాలం. ఏలూరులో మా వెటర్నరీ క్లినిక్‌కు కొల్లేరు వైపు ఊళ్ళ నుంచి గేదెలూ, పట్టణంలోంచి కుక్కలూ వచ్చేవి. పెంపుడు ఎలుకలు వచ్చేది మాత్రం ఒక్క ఇంటి నుంచే. కామేశ్వరిగారి భర్త పౌరోహిత్యం చేస్తారు. పదో తరగతి చదివే వాళ్ళమ్మాయి సాహితి రెండు ఆడ ఎలుకలను పెంచేది. తెల్లది జొన్న, బూడిద రంగుది సజ్జ. సజ్జకు పొట్ట కింద ట్యూమర్, అంటే గడ్డ, పెరిగింది. ఆ వయసులో అంత చిన్న ప్రాణి ఆపరేషన్‌కు తట్టుకోలేదని చెప్పాను. అది పోయింది.

కొద్ది రోజులకే తల్లీకూతుళ్ళు జొన్నను తెచ్చారు. సాహితి స్కూలు బ్యాగుతోనే వచ్చింది.

“ఏమీ ముట్టట్లేదండీ. సెనగపప్పు పెట్టినా మూతి తిప్పేసుకుంటోంది,” అన్నారు కామేశ్వరిగారు.

జొన్న ఓ మూలన వెన్ను వంచుకుని కూర్చుంది. బొచ్చు నిక్కబొడుచుకుని ఉంది. దీన్ని పైలోఎరెక్షన్ అంటాం. ఎలుకకు ఒంట్లో బాగాలేదని మొదట తెలిసేది దీనితోనే. చర్మం పట్టుకుని వదిలితే వెంటనే సర్దుకోలేదు. డీహైడ్రేషన్, అంటే ఒంట్లో నీరు తగ్గింది. ఎలుకకు పోగొట్టుకోవడానికి ఒళ్ళు ఎంతో ఉండదు. సాయంత్రానికి తినకపోతే దక్కదనిపించింది.

పంజరం మీదికి వంగితే ఫినాయిల్ వాసన ముక్కుకు కొట్టింది.

“కడిగారా?”

“చావు జరిగింది కదండీ. ముందు ఫినాయిల్, తర్వాత పసుపు నీళ్ళు. లోపల పరిచిన గుడ్డలన్నీ చెత్తబండిలో వేసేశాను. ఎలుకకి మైలేమిటే, నాకు తెలియని శాస్త్రమా అని మావారు నవ్వారు. నాకే మనసొప్పలేదండీ.”

సాహితి తల్లి వైపు చూడలేదు. “నేను వద్దంటూనే ఉన్నాను. ఇది చచ్చిపోతే అమ్మవల్లే కదా డాక్టర్‌గారూ?”

కామేశ్వరిగారు పంజరం ఊచలు కొంగుతో తుడవసాగారు.

ఆ ఏడాదే నా భార్య పోయింది. బంధువులు ఇల్లంతా కడిగి వెళ్ళారు. మంచికే చేశారు. తర్వాత ఏ గదిలో కూర్చోవాలో నాకు తెలిసేది కాదు.

ఎలుకకు చూపు తక్కువ. తన ఇల్లేదో, తోడు ఎక్కడుందో వాసనతోనే పోల్చుకుంటుంది. ఫినాయిల్ ఘాటుకు దాని ఊపిరి కూడా ఇబ్బంది పడుతుంది. అదే చెప్పి, జొన్నకు చర్మం కింద సెలైన్ ఎక్కించి, మా దగ్గరున్న పంజరంలోకి మార్చాను.

“సజ్జ వాడినది ఏదైనా మిగిలిందా? గడ్డతో పోయింది కనక అంటుకునే భయం లేదు.”

సాహితి బ్యాగులోంచి టీపొడి అట్టపెట్టె తీసింది. అంచులన్నీ కొరికి ఉన్నాయి. రెండూ అందులోనే పడుకునేవట.

“పుస్తకాల మధ్యనా! దొంగమొహమా,” అంటూ కామేశ్వరిగారే దాన్ని అందుకుని పంజరంలో పెట్టారు.

జొన్న వాసన చూసింది. లోపలికి వెళ్ళింది. ఇక బయటికి రాలేదు. నానబెట్టిన ఓట్స్ ముద్ద పెట్టె ముందుంచాను. ఈలోగా ఒక గేదె వచ్చింది. దాన్ని చూసి పంపి, తిరిగి వస్తే ముద్ద అలాగే ఉంది. తల్లీకూతుళ్ళు బెంచీకి చెరో చివరా కూర్చున్నారు. ఇంకో రెండుసార్లు వచ్చి చూశాను. ముద్ద ఎండుతోంది. తడిపి మళ్ళీ పెట్టాను.

చీకటి పడుతుండగా కామేశ్వరిగారు గొంతు తగ్గించి పిలిచారు. “ఏవండీ డాక్టర్‌గారూ, ఇటు రండి.”

ముద్దకు ఒక పక్క పంటిగాట్లు పడ్డాయి. సాహితి అప్పటికే తల్లి పక్కకు జరిగి వంగి చూస్తోంది.

“కడగడం తప్పు కాదమ్మా. అంతా ఒక్కసారే కడక్కూడదని అమ్మకెవరూ చెప్పలేదు, అంతే,” అన్నాను.

కొన్నాళ్ళకు కామేశ్వరిగారు ఫోన్ చేశారు. “ఇంకో ఆడ ఎలుక దొరుకుతుందాండీ? ఒక్కతే తిరుగుతోంది. నాకు నిద్ర పట్టట్లేదు.” ఒకదాన్ని చూసిపెట్టి, న్యూట్రల్ కేజ్‌లో, అంటే ఏ ఒక్కదాని వాసనా లేని పంజరంలో, రెంటినీ ఎలా కలపాలో చెప్పాను. మొదట్లో తరుముకున్నాయి. తర్వాత కలిసి పడుకున్నాయి.

జంటలో ఒకటి పోయిందని వచ్చేవాళ్ళకు ఇప్పుడు మందుకన్నా ముందు ఒక మాట చెబుతాను. అంటురోగం కాకపోతే, పోయినది పడుకున్న పక్కను కొంతైనా అలాగే ఉంచండి. ఎన్నాళ్ళని అడుగుతారు. మిగిలినది తనంతట తాను వేరేచోట పడుకునేదాకా అంటాను.